గోదావరి యీవలియొడ్డునకు విశ్వవిద్యాలయము వలదా?

ప్రతి సంవత్సరమును వేసవిలో ఇంటరు పరీక్షల ఫలితములు వెలువడినది మొదలు మా మంచిర్యాల పట్టణమున ఒక సంత సాగుచుండును. హైదరాబాదు నుండియు, దాని చుట్టుపట్ల పుట్టిన కళాశాలల నుండియు ప్రచారకులు దిగుదురు. బస్సుస్టాండు గోడలు, రైల్వేస్టేషను దారి, టీ దుకాణముల తలుపులు వారి రంగుకాగితములతో నిండిపోవును. ఇంజనీరింగు సీటు, హాస్టలు వసతి, నాలుగేండ్లు తిరుగునంతలో కొలువు: ఇవి వారి సరకులు. కొనువారు మన గనికార్మికులు, చిన్నరైతులు, చిల్లర వర్తకులు. ఈ సంతలో బేరము కుదరనివాని కూతురు ఊరిలోని కళాశాలలో చేరెనని తెలిసినప్పుడు ఇరుగుపొరుగువారు, 'పాపము, బి.ఏ.లో చేరినదట' అని జాలిపడుదురు. ఆ 'పాపము' అను మాటను గూర్చియే ఈ వారము వ్రాయదలచితిమి. ఆ మాట ఎవరు నేర్పినది? ఎవరికి లాభకరమైనది?

ఇదే చదువునకు మరియొక పేరు కలదని మన తలిదండ్రులలో పెక్కుమంది యెరుగరు. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి, సాహిత్యము, తత్త్వము, వానితోడ కొంత గణితమును, కొంత ప్రకృతిశాస్త్రమును కలిపి బోధించుటకు నేడు 'లిబరల్ ఆర్ట్స్' అని పేరు. ఢిల్లీ చెంత సోనీపటులో 2014లో తెరచిన అశోకా విశ్వవిద్యాలయము ఈ చదువే చెప్పుచున్నది. మన తెలుగునేలనే, తడ సమీపమున శ్రీసిటీలో, 2018లో పుట్టిన క్రియా విశ్వవిద్యాలయమును ఈ చదువే చెప్పుచున్నది. అశోకాలో బోధనరుసుము, వసతి కలిపి ఏటికి పది లక్షల రూపాయలకు పైబడి చెల్లించి సంపన్నుల బిడ్డలు దీనిని చదువుచున్నారు. మంచిర్యాలలో చదివిన 'పాపము', సోనీపటులో చదివిన 'పుణ్యము'! వస్తువొక్కటియే, పేరు మారగా వెల మారినది, వెల మారగా మర్యాద మారినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ చదువును వేనోళ్ళ పొగడి, బాణుని కాదంబరి నాటి అరువది నాలుగు కళల ప్రసంగము తెచ్చి, ఇది మన పూర్వులదే యని చెప్పినది. మంచిది. మన పూర్వుల ఆస్తియే యైనచో, వారసులలో గనికార్మికుని కూతురు చేరదా? వారసత్వపు దావాలు నడిపి పొట్టపోసికొను వారము గనుక అడుగుచున్నాము.

పాత ఆదిలాబాదు జిల్లా 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలుగా విడిపోయెను. ఆ నాల్గింటికిని ప్రభుత్వము ఏమియు చేయలేదనుట అసత్యము, మేమట్లు అనము. ఆదిలాబాదున 2008లో వైద్యకళాశాల వచ్చెను. మంచిర్యాలకు 2022లో వచ్చెను. నిర్మలునకును, ఆసిఫాబాదునకును 2023లో వచ్చెను. బాసరలో సరస్వతీదేవి సన్నిధిని 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసెను. జ్వరమునకు మందిచ్చువారును, యంత్రమును నడుపువారును మనకు వలయును, సంతోషించితిమి. కాని మనుష్యుని చరిత్రను, భాషను, ధర్మమును, ధనమును గూర్చి విచారించు విశ్వవిద్యాలయ మొక్కటియు ఈ నాలుగు జిల్లాలలో లేదు. సరస్వతి పేరున వెలసిన ఊరిలో సాహిత్యమునకు పీఠము లేదు. ప్రజాకవియు, న్యాయవాదియునైన కాళోజీ నారాయణరావుగారి పేరును వరంగల్లులో దేనికి పెట్టిరి? వైద్య విశ్వవిద్యాలయమునకు! ఆ మహనీయుని పేరు దేనికి పెట్టినను ఆ సంస్థకే గౌరవము. అయినను కవిని తీసికొనిపోయి శస్త్రచికిత్సల గదికి కావలి యుంచిన తీరు చూడగా, మన పాలకుల మనస్సులో అక్షరమునకు ఎంత చోటున్నదో తెలియుచున్నది.

హైదరాబాదు సంగతి చూడుడు. ఉస్మానియా, 1972 నాటి సాంకేతిక విశ్వవిద్యాలయము, ఆరుసూత్రముల పథకమున 371-ఇ అధికరణముచే 1974లో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయము, అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము, తెలుగు విశ్వవిద్యాలయము, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము, మౌలానా ఆజాదు పేరిటి ఉర్దూ విశ్వవిద్యాలయము, కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయము. ఇంకను కలవు, లెక్క విడిచితిమి. ప్రాంతముల మధ్య హెచ్చుతగ్గులు తీర్చుటకు వ్రాసిన పథకము సైతము రాజధానికే మరియొక విశ్వవిద్యాలయము నిచ్చినది. మాకో, వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయము కలదు. అది 1976లో పుట్టినది. దానియెడల మాకు భక్తియే గాని ద్వేషము లేదు. కాని మంచిర్యాల నుండి వరంగల్లు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆదిలాబాదు పట్టణము నుండి రెండు వందలకు మించినది. ఇక్కడి కళాశాలలకు ఆ విశ్వవిద్యాలయముతో గల బంధమునకు 'అనుబంధము' అని పేరు. ఆ అనుబంధ మెట్టిది? ప్రశ్నపత్రము వచ్చును, జవాబుపత్రము పోవును, మార్కుల కాగితము వచ్చును. ఆచార్యుడు రాడు, గ్రంథాలయము రాదు, పరిశోధన రాదు. తపాలా కచేరీతో మనకు గల బంధమునకును దీనికిని భేద మేమి?

విశ్వవిద్యాలయము దూరముననున్న నేమి, చదువదలచినవాడు పోయి చదువడా యని కొందరందురు. పోయి చదివినవారు కలరు. వారిని గూర్చియే చెప్పెదము. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో వందేమాతరము పాడగా అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లొంగలేదు. వందలకొలది బాలురను విశ్వవిద్యాలయము నుండి వెడలగొట్టిరి. వారి చదువు అంతటితో ముగియవలసినది. నాగపురము విశ్వవిద్యాలయము వారిని పిలిచి చేర్చుకొనెను. నాగపురము పోవు ఇనుపదారి మా మంచిర్యాల మీదుగనే పోవును. ఆ ఉద్యమమున పాల్గొన్నవారిలో కరీంనగరు జిల్లా వంగర గ్రామపు పాములపర్తి వేంకట నరసింహారావు ఒకరు. ఆయన నాగపురమున న్యాయశాస్త్రము చదివి, పదిభాషలకు పైబడి నేర్చి, తుదకు దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. చేర్చుకొను తలుపు ఒకటి తెరచియుండుట వలన ఏమి కలుగునో ఈ యొక్క సంగతి చాలును. ఆనాడు తలుపు మూసినది నిరంకుశ ప్రభుత్వము. నేడు తలుపు మూయువారు లేరు; అసలు తలుపే కట్టలేదు.

ఇంకొకటియు చెప్పవలెను, ఇది మా తప్పును ఒప్పుకొనుట. 2009 చివర రాష్ట్రోద్యమము రగిలినప్పుడు దానికి గుండెకాయ ఏది? 1939లో తెరచిన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మెట్లు. 2011లో నలువది రెండు దినముల సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు గనులలోనికి దిగక నిలిచిరి. న్యాయవాదులము మేమును నల్లకోటులతోనే వీథులలో కూర్చుంటిమి. ఆనాడు మా గొంతులు పగులునట్లు అరచిన మాటలు మూడు: నీళ్ళు, నిధులు, నియామకములు. ఆ మూటిలో చదువు లేదు. మేమును లేదని గుర్తింపలేదు. ఆర్ట్స్ కళాశాల మెట్లమీద పుట్టిన రాష్ట్రము ఆర్ట్స్ చదువును మరచుటకు పాలకులతోపాటు మేమును బాధ్యులమే. నియామకములు అడిగితిమి గాని, మనుష్యులను తయారుచేయు చోటును అడుగుట మరచితిమి. 2014 జూను 2వ తేదీ రాత్రి బాణసంచా కాల్చి ఇంటికి పోయినవారిలో మేము నుంటిమి.

ఇక చేరిక సంగతి. 2016 నుండి డిగ్రీ చేరికలన్నియు 'దోస్త్' అను కంప్యూటరు పద్ధతిని జరుగుచున్నవి. మొదటి విడతకు రెండువందల రూపాయలు, తరువాతి విడతలకు నాలుగువందలు కట్టి, ఆధారుతో ముడిపడిన సెల్‌ఫోను చేతబట్టి, ఇష్టమైన కళాశాలలను వరుసగా వ్రాయవలెను. ఇంటరు మార్కులను బట్టి యంత్రము సీటు చూపును. పైరవీ తగ్గినది, దరఖాస్తు పట్టుకొని కళాశాల కళాశాలకును తిరుగుట తప్పినది. ఈ మేలు ఒప్పుకొందుము. కాని తిర్యాణి అడవిలోని కొలాము బాలికకు ఆధారుతో ముడిపడిన సెల్‌ఫోను ఎవరిది? తండ్రిదో, అన్నదో, అది కూలికి పోయిన చోట నుండును. మీసేవ కేంద్రమునకు వచ్చుటకు ఒక దినపు కూలి పోవును. తప్పు మీట నొక్కినచో సీటు పరాయి ఊరిలో పడును. పరాయి ఊరిలో పడిన సీటు ఆడపిల్లకు లేనట్టిదే. ఇదంతయు దాటి చేరినవారికి దొరకున దేమి? కావలసిన శాస్త్రముల కూర్పు మా కళాశాలలో లేదు, ఉన్నదానికి అధ్యాపకుడు లేడు.

'సీట్లు వేలకొలది మిగిలిపోవుచున్నవి గదా, మరల విశ్వవిద్యాలయ మెందుకు' అని అధికారులు లెక్కలు చూపుదురు. ఆకలిగొన్నవానికి ఎండుగడ్డి పెట్టి, తినలేదు గనుక ఆకలి లేదనుట వంటిది ఈ లెక్క. మార్కులను బట్టి మాత్రమే మనిషిని తూచనక్కరలేదని ఈ ప్రభుత్వమునకే తెలియును. బాసరలో చేర్చుకొనునప్పుడు సర్కారు బడిలో చదివినవారి గ్రేడునకు 0.4 కలుపు పద్ధతి నడిచినది. పట్టణపు కాన్వెంటు మార్కును, పల్లె బడి మార్కును ఒకే తక్కెడలో తూచరాదని దాని భావము. యంత్రవిద్యకు పనికివచ్చిన ఈ న్యాయము సాహిత్యవిద్యకు పనికిరాదా?

ఖర్చు సంగతి చేరిక కంటె కఠినమైనది. 2008 నుండి బీదవిద్యార్థుల బోధనరుసుము ప్రభుత్వమే చెల్లించు ఏర్పాటు నడుచుచున్నది. దీనివలన లక్షలమంది చదివిరి. దీనిని మేము తూలనాడము. కాని దాని నడక చూడుడు. సర్కారు తన కళాశాలలలో అధ్యాపకుల స్థానములు ఖాళీగ నుంచి, పిల్లలను ప్రైవేటు కళాశాలలకు త్రోలి, వారి రుసుమును తాను కట్టెదనని మాట యిచ్చును. మాట యిచ్చి కట్టదు. 2024 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు డిగ్రీ కళాశాలలు తలుపులు మూసెను. 2025 నవంబరులో మరల మూసెను. ఎవరి తగవు? సర్కారునకును, యాజమాన్యములకును. ఎవరి తరగతులు పోయినవి? గనికార్మికుల బిడ్డలవి.

ఈ తగవు మా గదికే నడచి వచ్చిన సందర్భ మొకటి చెప్పెదము. శ్రీరాంపూరు వైపు నుండి ఒక కార్మికుడు కూతును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బాలిక ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ ముగించినది. పై చదువునకు సీటు వచ్చినది. చేరవలసిన గడువు నాలుగు దినములు. రుసుము సర్కారు నుండి రాలేదు గనుక టి.సి.యు, మెమోలును ఇయ్యమని కళాశాలవా రనిరి. ఆ తండ్రి మా బల్లమీద చేతులుంచి అడిగినది ఒక్కటే: 'సారూ, బాకీ పడ్డది సర్కారు గదా, నడుమ నా బిడ్డ కాయిదాలెందుకు ఆపిండ్రు?' మా యిరువది యేండ్ల వకాలతులో ఇంతకంటె శుద్ధమైన న్యాయప్రశ్న వినలేదు. విద్యార్థి ధ్రువపత్రములు తాకట్టు వస్తువులు కావు. వానిని పట్టియుంచరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే ఉత్తరువు చేసినది. మేము నోటీసు వ్రాసితిమి, ఫోనులు చేసితిమి. కాగితములు వచ్చినవి, కాని ఆరవనాడు. ఆ బాలిక ఇప్పుడు ఒక వస్త్రదుకాణమున లెక్కలు వ్రాయుచున్నది. రాజ్యాంగము 41వ అధికరణమున విద్యాహక్కును గూర్చియు, 46వ అధికరణమున బలహీనవర్గముల విద్యాప్రయోజనములను గూర్చియు వ్రాసిన మాటలు మాకు కంఠస్థము. ఆ దినమున అవి ఆ తండ్రికి చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఇతరుల కళాశాలలకు కట్టవలసిన సొమ్మును కట్టలేకపోవుచున్న ప్రభుత్వము, ఆ సొమ్ముతో తన విశ్వవిద్యాలయమునే ఏల నడుపరాదు? రుసుము లేని చోట బకాయి లేదు. బకాయి లేని చోట తాకట్టు లేదు. ఇది మా కల్పన కాదు. అమెరికాలో న్యూయార్కు నగరము 1847లో జనుల ఓటుచే ఉచిత కళాశాల స్థాపించి, నూటయిరువది యేండ్లకు పైగా వలసకూలీల బిడ్డలకు ఉచితముగ ఆ చదువే చెప్పెను. 1976లో నగరము అప్పులపాలై రుసుము పెట్టెను. కాకతీయ పుట్టిన సంవత్సరముననే అచ్చట ఆ దీపము మలిగెను. మలిగినదైనను, అంతకాలము వెలిగినదన్న మాట మరువరాదు.

సొమ్మెక్కడ? ఈ ప్రశ్న అడుగువారు మా కాళ్ళక్రింది నేలను చూడవలెను. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపూరు: ఈ ఊళ్ళ బొగ్గుతో ఎన్ని పట్టణములకు దీపములు వెలిగినవి! సింగరేణి సంస్థలో రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతులు. 2023-24 సంవత్సరమునకు సంస్థ లాభము 4,701 కోట్ల రూపాయలని 2024 సెప్టెంబరులో ప్రభుత్వమే ప్రకటించెను. మరి కార్మికులు? 1990 ప్రాంతమున లక్షకు పైబడి యుండిరి. నేడు నలువది వేల చేరువకు దిగిరి. భూగర్భగనులు మూతపడుచున్నవి, బహిరంగ గనులలో యంత్రములు త్రవ్వుచున్నవి. తండ్రి కొలువు కొడుకునకు వచ్చు కాలము ముగియుచున్నది. బొగ్గు త్రవ్వినకొలది తరుగునది. ఒకనాడు ఈ లోయలలో నీరు నిలిచిన గోతులు మాత్రమే మిగులును. ఆనాడు ఈ నేలకు మిగులవలసిన దేమి?

చట్టమే జవాబు చెప్పుచున్నది. 2015లో గనుల చట్టమునకు సవరణ చేసి, 9-బి సెక్షను క్రింద గనులున్న ప్రతి జిల్లాకును ఖనిజనిధి ట్రస్టు నేర్పరచిరి. 2015 జనవరికి పూర్వపు కౌళ్ళపై రాయల్టీలో నూటికి ముప్పది వంతులు ఆ నిధికి చేరవలెను. గనుల వలన నష్టపడిన జనుల క్షేమమునకే దానిని వినియోగింపవలెను. విద్య దాని ముఖ్యకార్యములలో నొకటి. ఆ సొమ్ముతో మన జిల్లాలలో రోడ్లు, ప్రహరీగోడలు, సామాజిక భవనములు చాలినన్ని కట్టిరి. గోడలు కట్టుట సులభము. అందులో గుత్తేదారున కుపయోగము కూడ కలదు. వేల్సు దేశమున బాంగరులో 1884లో కళాశాల వెలసినప్పుడు పలకరాతి గనుల కూలీలు తమ వారపు జీతమునుండి కొద్దికొద్దిగ తీసి చందా లిచ్చిరి. మా కార్మికులు తమ జీతమునుండి ఈయనక్కరలేదు. వారి పేరున వచ్చిన సొమ్మే కలదు. దానిలో కొంత భాగమును ఏటేట స్థిరముగ కట్టిపెట్టి, రాష్ట్రబడ్జెటునుండి మిగిలినది ఇచ్చినచో రుసుము లేని విశ్వవిద్యాలయము నడువదా? నడువదని లెక్క వేసి చూపువా రున్నచో వారి లేఖ ఈ పుటయందే ప్రకటింతుము.

'బి.ఏ. చదివిన కొలువు రాదు' అనునది అన్నిటికంటె బలమైన యాక్షేపణ. దానికి అశోకునగరమే జవాబు. అశోకచక్రవర్తి నగరము కాదు, హైదరాబాదులో పోటీపరీక్షల శిక్షణకేంద్రములున్న పేట. అచ్చట ఇరుకుగదులలో, ఒక్క పూట తిని, గ్రూపు పరీక్షలకు చదువు వేలమంది మన యువకులలో ఇంజనీరింగు పట్టభద్రు లెందరో కలరు. వారు చదువునదేమి? గ్రూపు-2 పరీక్షకు పత్రములు నాలుగు: సామాన్యజ్ఞానము, చరిత్ర, రాజనీతి, సమాజము, ఆర్థికాభివృద్ధి, తెలంగాణ ఉద్యమము, రాష్ట్రావతరణము. మొదటిదానిని విడిచిన మిగిలిన మూడును బి.ఏ. చదువే! నాలుగేండ్లు యంత్రవిద్యకు సొమ్ము పోసి, తరువాత మూడేండ్లు బి.ఏ. చదువును గైడుపుస్తకములనుండి బట్టీపట్టుటకు మరల సొమ్ము పోయుచున్నారు. మొదటనే దానిని గురుముఖమున, గ్రంథాలయమున, వాదప్రతివాదములతో చదివినచో ఎంత ఆయుర్దాయము మిగులును! కొలువు రాదని విడిచిన చదువునే కొలువు కొరకు దొడ్డిదారిని చదువుచున్నాము. పైగా, కోర్టులోను, పత్రికలోను, బడిలోను, బ్యాంకులోను, పంచాయతీలోను పని నడుపునది చదివి అర్థము చేసికొని వ్రాయగల మనిషి. అట్టి మనిషి దొరకక మా గుమాస్తా పనికి సైతము మేము రెండు సంవత్సరములు వెదకితిమి.

మేము కోరునది మరియొక భవనము కాదు, ఇది తెలియజెప్పవలసియున్నది. భవనము కట్టి, పైలాను ఆవిష్కరించి, అధ్యాపకులను మరచుట మనకు అలవాటు. విశ్వవిద్యాలయ నియామకములకై 2022 సెప్టెంబరులో శాసనసభ ఒక మండలిని గూర్చి బిల్లు చేసెను; అది రాజభవనమున చిక్కుకొనెను; గవర్నరునకును మంత్రులకును వాగ్వాదము జరుగుచుండగా ఆచార్యులు పదవీవిరమణ చేయుచు పోయిరి, ఒప్పంద అధ్యాపకులు తక్కువ జీతమునకు బరువు మోయుచుండిరి. అట్టి సంస్థ ఇంకొకటి మాకు వలదు.

మాకు వలసినది ఈ నేలను తన పాఠ్యముగ తీసికొను విశ్వవిద్యాలయము. జోడేఘాటులో 1940లో కుమురం భీము నేలకొరిగిన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని తెలిసికొన దలచి హైమెండార్ఫు అను ఆస్ట్రియా పండితుని పంపవలసివచ్చెను. ఆయన మార్లవాయిలో కాపురముండి 1943లో గోండుబిడ్డలకు వారి భాషలోనే చదువు నేర్పు కేంద్రము పెట్టించెను. పరదేశి చేసిన ఆ పని నెనుబది యేండ్ల తరువాత మన మెంతవరకు పెంచితిమి? గుంజాల గ్రామమున గోండీ వ్రాతప్రతులు ఇంటింట దాగియుండగా, వాని లిపిని చదివి లోకమునకు చెప్పుటకు హైదరాబాదునుండి పండితులు రావలసివచ్చెను. ఆ లిపి 2018లో కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికలో చేరెను. లోకపు పట్టికలో చేరినది. ఆదిలాబాదున దానిని డిగ్రీకి బోధించు పీఠమునకు చేరలేదు. బొగ్గుగని కార్మికుల వలసల చరిత్రను, నీటిపారుదల ముంపుగ్రామముల లెక్కను, కవ్వాల అడవినుండి కదలింపబడు జనుల హక్కులను వ్రాయవలసినవారెవరు? ఇక్కడివారు వ్రాయనిచో పై ఊరివారు వ్రాసినదే చరిత్ర యగును.

భాషను గూర్చి ఒక్క మాట. 1919లో తరగతులు తెరచిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును, న్యాయమును, విజ్ఞానమును ఉర్దూలో బోధింప సాహసించెను. అనువాదశాఖ నొకటి పెట్టి గ్రంథములను వందలుగ తర్జుమా చేయించెను. ఆ భాష ఈ రాజ్యమున అధికసంఖ్యాకుల భాష కాదు. అందులో జరిగిన అన్యాయమును మన పెద్దలు చాలినంత చెప్పిరి. కాని దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని చూపినది ఆ పనియే. ఒక ప్రభువు తన భాషకు చేసినదానిని, ప్రజలు తమ ప్రభుత్వముచే తమ భాషకు చేయించుకొనలేకపోయిరి. ఇంగ్లీషు వలదని మేము చెప్పము. మాకే దానివలన అన్నము. తెలుగున ఆలోచించుటను నేర్చినవాడు ఇంగ్లీషు చక్కగ నేర్చును. రెండును సగముసగము వచ్చినవాడు ఎక్కడ నిలువగలడు?

చోటును గూర్చి తగవు పుట్టునని తెలియును. మంచిర్యాలయా, ఆదిలాబాదా, నిర్మలా, ఆసిఫాబాదా? ఇట్టి తగవే సాకుగ చూపి ఇరువది యేండ్లు గడుపుట పాలకులకు సులభము. ఆంధ్ర విశ్వవిద్యాలయము సైతము 1926లో బెజవాడలో మొదలై పిమ్మట వాల్తేరు చేరెను. విశ్వవిద్యాలయము పుట్టుట ముఖ్యము, తొట్టిల ఎవరి యింటనైనను కట్టవచ్చును. మా పట్టణమునకే కావలెనని మేము పట్టుపట్టము. ఉట్నూరులో పెట్టినను మొదటి హారము మేమే తెత్తుము.

జాతీయ విద్యావిధానము 2030 నాటికి ప్రతి జిల్లాలోనో, దాని చెంతనో ఒక పెద్ద బహుశాస్త్ర విద్యాసంస్థ యుండవలెనని వ్రాసినది. ఆ విధానములో మేమొప్పని సంగతులు పెక్కు కలవు. అయినను వ్రాసినవారి చేతివ్రాతనే వారిముందు పెట్టుట మా వృత్తిధర్మము. కనుక నాలుగు జిల్లాల కలెక్టర్లకును, ఖనిజనిధి ట్రస్టులకును, ఉన్నతవిద్యామండలికిని పంపుటకు విజ్ఞాపన మొకటి సిద్ధపరచితిమి. అందులో కోరికలు కొలదియే: సాహిత్య, సామాజిక, ప్రకృతి శాస్త్రములకు రుసుము లేని ప్రభుత్వ విశ్వవిద్యాలయము, పల్లె, సర్కారు బడుల బిడ్డలకు చేరికలో మొగ్గు, గోండీ, కొలామీ, తెలుగు పీఠములు, మొదటి ఇటుకకు ముందే అధ్యాపకుల నియామకము, ఖనిజనిధినుండి ఏటేటి కేటాయింపు, అంతవరకు విద్యార్థుల బకాయిల చెల్లింపు, ధ్రువపత్రముల విడుదల. ప్రతులను పట్టణములోని పఠనాలయములన్నిటను వచ్చు ఆదివారమునుండి ఉంచెదము. చదివి, సరిపడినచో సంతకము చేయుడు. సరిపడనిచో అంచున మీ యాక్షేపణ వ్రాయుడు. బి.ఏ. చదివినవారు తమ పేరు ప్రక్కన ఆ రెండక్షరములను తప్పక వేయవలెనని మా మనవి.